పసిబిడ్డ, పిల్లి: గది తలుపు మూయాలా, మెల్లగా అలవాటు చేయాలా?

తలుపు మూయడం: ఖర్చు లేదు, శ్రమ లేదు. బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఇంతకన్నా భద్రమైన దారి లేదు. రోజంతా మూసే ఉంచితే మాత్రం పిల్లి బెంగపెట్టుకుంటుంది, తలుపు గీరుతుంది.

అలవాటు చేయడం: ఓపిక కావాలి. కాన్పుకు కొన్ని వారాల ముందే పసిపిల్లల ఏడుపు రికార్డింగును సన్నగా వినిపించండి. కాన్పయ్యాక, బిడ్డ ఇంటికి రాకముందే, బిడ్డను చుట్టిన గుడ్డను తెచ్చి, పిల్లిని తీరిగ్గా వాసన చూడనివ్వండి. కొత్త మనిషి వాసన దానికి అప్పుడే పాతబడుతుంది. తర్వాత పిల్లి గోళ్లు కత్తిరించి, పెద్దవాళ్లు పక్కనుండగా బిడ్డను కొద్ది నిమిషాలు చూడనివ్వండి. బలవంతంగా ఎత్తుకొచ్చి చూపించకండి, పాపం బెదిరిపోతుంది. ఏమరుపాటే ఇందులో ముప్పు.

పిల్లి నెమ్మదిదై, ఇంట్లో ఇద్దరు ముగ్గురుంటే రెండోదే మేలు. నిద్రవేళ మాత్రం తలుపు మూయాల్సిందే. ఒంటరి తల్లికి, బెదురు పిల్లికి తొలి వారాల్లో మొదటిదే నయం.