చైనా పండుగల పెట్టె నల్లగొండ పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

పిల్లలకు చైనా పండుగలను, ఆచారాలను, కొద్దిపాటి భాషను పరిచయం చేయడానికి తయారైన ఒక బోధనా పెట్టెను ఆన్‌లైన్‌లో తెప్పించుకొని, నల్లగొండ రామగిరిలోని మా ఇంట్లో మా పిల్లలతోనూ ఇరుగుపొరుగు పిల్లలతోనూ పూర్తిగా వాడి చూశాం. వెయ్యి రూపాయలకు పైబడిన వస్తువు కాబట్టి, కొనాలా వద్దా అని ఆలోచించే తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పండుగలను పరిచయం చేయడంలో ఈ పెట్టె చాలా మంచిది. భాష విషయంలో మాత్రం దీని మీదే ఆధారపడితే పిల్లలకు తప్పుడు ఉచ్చారణ అలవాటవుతుంది.

మా వైపు పిల్లలకు చైనా అనగానే గుర్తుకొచ్చేది సంక్రాంతి రోజుల్లో పక్షుల రెక్కలు కోసే చైనా మాంజా, లేదంటే సాయంత్రం బండి దగ్గర తినే మంచూరియా. ఆ మంచూరియా కూడా చైనా వంటకం కాదు, కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975 ప్రాంతంలో ముంబయిలో మొదలుపెట్టినది. ఇంతకు మించి ఏమీ తెలియని పిల్లల ముందుకు ఒక పెద్ద నాగరికతను తీసుకురావాలంటే పండుగను మించిన దారి లేదు. తిండి, కథ, వెలుగు, పెద్దల చేతి డబ్బులు, ఇంటిల్లిపాదీ కలిసి చేసే పని అన్నీ పండుగలోనే ఉంటాయి. పెట్టెను తయారు చేసినవారు ఈ సంగతి బాగా గ్రహించారు.

లోపల ఏడాదికొక జంతువు చొప్పున పన్నెండు జంతువుల చక్రం, ఎర్ర కాగితాలు, ఎర్ర కవర్లు, మడిచి చేసుకునే లాంతర్లు, ఒక కుంచె, నీటితో రాసే గుడ్డ, పలుకుల కార్డులు, ఐదు పండుగల గురించి ఒక పుస్తకం ఉన్నాయి. కాగితాల నాణ్యత బాగుంది. కత్తిరింపు బొమ్మల్లో కొన్ని మరీ సన్నగా ఉండి చిన్నపిల్లల చేతుల్లో చిరిగిపోయాయి, తొమ్మిదేళ్లు దాటిన వాళ్లకు మాత్రం ఇబ్బంది రాలేదు.

వీటన్నిటిలో పిల్లలు వదలకుండా పట్టుకున్నది నీటితో రాసే గుడ్డ. గళ్లు గీసిన బూడిదరంగు గుడ్డ మీద కుంచెను ఉత్త నీళ్లలో ముంచి గీస్తే గీత సిరాతో రాసినంత నల్లగా వస్తుంది, తడి ఆరగానే మాయమైపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే అది ఎంత తొందరగా ఆరిపోతుందో చెప్పనక్కరలేదు. మొదటి గీత చెరిగిపోయేలోపు చివరి గీత పూర్తి చేయాలని పిల్లలు పందెం కట్టుకున్నారు. చైనా లిపిలో 'చెట్టు' నాలుగు గీతలు: ఒక అడ్డగీత, దాన్ని దాటుకుంటూ ఒక నిలువుగీత, ఎడమకు జారే గీత, కుడికి జారే గీత. అలాంటి చెట్లు రెండు పక్కపక్కన రాస్తే తోపు, మూడు కలిపి రాస్తే అడవి. చెట్టుకు పక్కన మనిషిని నిలబెడితే విశ్రాంతి. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, నిలువుకన్నా అడ్డం ముందు అనే గీతల క్రమాన్ని పుస్తకం పెద్ద నియమావళిలా ఏకరువు పెట్టకుండా ఒక్కో అక్షరంతో ఒక్కో నియమం చూపించింది. బడిలో రాత అంటే ముఖం ముడుచుకునే మా చిన్నవాడు ఈ గుడ్డ దగ్గర ఎవరూ చెప్పకుండానే కూర్చునేవాడు.

జంతువుల చక్రంలో మాత్రం దిద్దుకోవలసిన లోపం ఉంది. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడిపుంజు, కుక్క, పంది అనే వరుసను అందంగా ముద్రించి, ఒక్కో బొమ్మ కింద సంవత్సరాలు వేశారు. అయితే ఆ సంవత్సరం జనవరి 1న మొదలు కాదన్న మాట ఎక్కడా చెప్పలేదు. చైనా కొత్త సంవత్సరం జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య వచ్చే అమావాస్య నాడు మొదలవుతుంది. 2017లో అది జనవరి 28న వచ్చింది. కాబట్టి ఆ జనవరి మొదటి వారంలో పుట్టిన పక్కింటి అమ్మాయిని చక్రం కోడిపుంజు అంటున్నా, లెక్క ప్రకారం ఆమెది కోతి సంవత్సరమే. ఆ పాప కోడిపుంజు ముసుగు తయారు చేసుకొని ఎంతో మురిసిపోయాక ఈ సంగతి చెప్పాల్సి వచ్చింది. ప్రతి సంవత్సరం పక్కన మొదలయ్యే తేదీ ఒక్కటి వేస్తే సరిపోయేది.

ఈ పంచాంగం విషయంలోనే తెలుగు ఇళ్లకు గొప్ప సౌలభ్యం ఉంది, పుస్తకం దాన్ని తాకనే లేదు. చైనావారిదీ మనలాగే చంద్రుడిని, సూర్యుడిని కలిపి చూసే లెక్క. వాళ్లకూ అధిక మాసం వస్తుంది. పది గుర్తులను పన్నెండు జంతువులతో జతకలిపే వాళ్ల చక్రం కూడా సరిగ్గా అరవై ఏళ్లకే తిరిగి మొదటికి వస్తుంది. ప్రభవ, విభవ అంటూ అరవై పేర్లు విన్న పిల్లలకు, తాతయ్య షష్టిపూర్తి చూసిన పిల్లలకు ఇది రెండు నిమిషాల్లో అర్థమైంది. శరదృతువు పౌర్ణమి పండుగ వాళ్ల ఎనిమిదో నెల పదిహేనో రోజున వస్తుంది. 2024లో అది సెప్టెంబర్ 17న, అంటే మనకు పెత్రమాస వచ్చి ఎంగిలిపూల బతుకమ్మ మొదలవడానికి పక్షం రోజుల ముందు వచ్చింది. ఆ రోజు వాళ్లు గుండ్రని మూన్‌కేక్‌లు పంచుకుంటారు, చంద్రుడిలో ఉండే ఛాంగ్ అ అనే దేవతనూ, రోట్లో మందు దంచే జేడ్ కుందేలునూ తలుచుకుంటారు. చంద్రుడిలో కుందేలు ఉందని మన పెద్దలూ చెప్పారు కదా, శశాంకుడన్న పేరు అందుకే వచ్చింది. చైనా 2013 డిసెంబర్‌లో చంద్రుడి మీద దించిన నౌకకు ఆ దేవత పేరు, అందులోంచి దిగిన రోవర్‌కు ఆ కుందేలు పేరు పెట్టారని చెప్పగానే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడాన్ని బడిలో టీవీలో చూసిన పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. పెట్టె మొత్తం మీద మాకు అంత తృప్తినిచ్చిన సాయంత్రం మరొకటి లేదు.

వంటకు పుస్తకంలో చ్యావ్‌జ అనే కుడుములు చేసే పద్ధతి ఇచ్చారు. ఉత్తర చైనాలో కొత్త సంవత్సరానికి ముందు రాత్రి కుటుంబమంతా కూర్చొని వీటిని వత్తుతారు, ఒకదానిలో నాణెం దాచి అది ఎవరికి వస్తే వాళ్లకు అదృష్టమంటారు. పంది మాంసానికి బదులు మేము క్యాబేజీ, క్యారెట్, అల్లం, ఉల్లికాడలు సన్నగా తరిగి పెట్టాం, మరికొన్నిటిలో ఖీమా పెట్టాం. మైదా పిండిని చిన్న అప్పడంలా వత్తి, మధ్యలో కూర పెట్టి, అంచులు తడిపి మడత వేయడం గరిజెలు చేసినట్టే ఉంటుంది కాబట్టి మా అత్తమ్మ పుస్తకం చూడకుండానే పిల్లలకు నేర్పేశారు. మరిగే నీళ్లలో వేసి, అవి పైకి తేలగానే చల్లనీళ్లు కొద్దిగా పోసి, మళ్లీ తేలనిచ్చి, ఇలా మూడుసార్లు చేయాలి. అలా చేస్తే లోపలి కూర ఉడుకుతుంది, పైపొర పగలదు. ఈ చిట్కా పుస్తకంలో లేదు. చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చి మా వీధిలో ఉంటున్న డాక్టరమ్మ చెప్పారు. నాణెం బదులు మేము జీడిపప్పు పెట్టాం.

కొత్త సంవత్సరానికి పెద్దలు పిల్లలకు డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్ల గురించి పుస్తకం ఇచ్చిన వివరణ క్లుప్తంగా, సరిగ్గా ఉంది. కొత్త నోట్లు పెట్టాలి, రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో తీసుకోవాలి, ఇచ్చినవాళ్ల ముందు విప్పకూడదు, నాలుగు అంకె రానివ్వకూడదు. సరిసంఖ్యలే శుభమని వాళ్లు అంటారు, మన నూటపదహారూ సరిసంఖ్యే.

కొత్త సంవత్సరం పదిహేనో రోజున వచ్చే లాంతర్ల పండుగకు ఇచ్చిన సామగ్రి అన్నిటికన్నా బాగుంది. ఆ రోజు లాంతర్లకు పొడుపు కథలు రాసి వేలాడదీసి, జనం వాటిని విప్పడం పాత సంప్రదాయం. పుస్తకం ఇంగ్లిషు చిక్కుప్రశ్నలు కొన్ని ఇచ్చింది, అవి పిల్లలకు పట్టలేదు. వాటిని పక్కనపెట్టి, "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, తీసినా మూసినా చప్పుడు కావు" లాంటి మన పొడుపు కథలు రాసి డాబా మీద కట్టాం. కనురెప్పలని మొదట చెప్పింది ఆరేళ్ల పాప. తయారీదారులు తెలుగులో ఒక చిన్న అనుబంధం వేసినా ఈ పెట్టె విలువ ఎంతో పెరుగుతుంది.

ఇక భాష. చైనీస్‌లో ఒకే అక్షరాన్ని నాలుగు స్వరాల్లో పలికితే నాలుగు అర్థాలు వస్తాయి. 'మ'ను ఎత్తైన సమస్వరంలో అంటే అమ్మ, పైకి లేపితే జనపనార, దించి లేపితే గుర్రం, ఒక్కసారిగా దించితే తిట్టు. కార్డుల మీద ఈ స్వరాల గీతలు బాగానే గీశారు, ఫోన్‌లో వినిపించే ఆడియో మాత్రం పిల్లలు అందుకోలేనంత వేగంగా సాగిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు రోమన్ అక్షరాలతో వచ్చింది. చైనీస్ పలుకులను రోమన్ అక్షరాల్లో రాయడానికి 1958లో చైనా ఆమోదించిన పిన్‌యిన్ పద్ధతిలో అక్షరాల విలువలు ఇంగ్లిషులో ఉన్నట్టు ఉండవు. పుస్తకం ఆ మాట ఒక మూలన చిన్న అక్షరాల్లో వేసి వదిలేసింది. ఫలితంగా పిల్లలు సమాధులను శుభ్రం చేసి పెద్దలను తలుచుకునే ఛింగ్‌మింగ్ పండుగను 'క్వింగ్‌మింగ్' అని చదివారు.

ఇక్కడ డాక్టరమ్మ చేసిన పని చెప్పాలి. ఆమె రోమన్ అక్షరాలను పక్కనపెట్టి పలకను తెలుగులో నింపారు. పిన్‌యిన్‌లో 'బి' అని రాసేది నిజానికి మన ప, 'పి' అని రాసేది ఒత్తి పలికే ఫ. అలాగే 'డి' అన్నచోట త, 'టి' అన్నచోట థ, 'జి' (g) అన్నచోట క, 'కె' అన్నచోట ఖ అనుకుంటే చాలా దగ్గరగా వస్తుంది. ఇక 'జెడ్' అని రాసేది, 'చాప', 'చాలు' అనేటప్పుడు మన నోట పలికే దంత్య చకారమే. ఇంగ్లిషువాళ్లు కష్టపడే ఈ అల్పప్రాణ, మహాప్రాణ భేదం మన పిల్లలకు ఒకటో తరగతిలోనే వర్ణమాలలో వచ్చేసింది. ఇంత చేతికందిన సాధనాన్ని వదిలి ఇంగ్లిషు మీదుగా చుట్టుతిరిగి వెళ్లడం నాకు బాధ కలిగించింది. భాషను గట్టిగా నేర్పించాలనుకుంటే పెట్టెతో పాటు తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. చైనాలో వైద్యం చదివి వచ్చినవాళ్లు నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ కొద్దిమంది కాదు, అడిగితే సంతోషంగా చెబుతారు.

మా దగ్గర ఈ పెట్టె తెరిచినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, వచ్చింది కూడా. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు మన సూర్యాపేట బిడ్డ. అక్కడ ఆయన విగ్రహాన్ని చూసి వచ్చిన పదకొండేళ్ల అబ్బాయి, "వాళ్ల పండుగ మనమెందుకు చేయాలి, పిన్నీ?" అని అడిగాడు. దాటవేయకుండా జవాబు చెప్పాను. ఆయన త్యాగాన్ని మనం ఎప్పటికీ గౌరవించాలని, అక్కడ తల్లితో కూర్చొని కుడుములు వత్తే పిల్లలకూ ఆ ఘర్షణకూ సంబంధం లేదని, పొరుగు దేశం గురించి తెలిసి ఉండటం మనకు మంచిదే తప్ప చెడ్డది కాదని చెప్పాను. కోల్‌కతా టాంగ్రాలో తరతరాలుగా ఉంటున్న చైనా మూలాల భారతీయులు ఈ కొత్త సంవత్సరాన్ని ఏటా జరుపుకుంటారని కూడా చెప్పాను. పుస్తకంలో వాళ్ల ప్రస్తావన ఒక్క వాక్యమైనా లేకపోవడం లోపమే. వియత్నాం, కొరియాలలోనూ చాంద్రమాన కొత్త సంవత్సరం ఉందన్న విషయమూ లేదు.

బౌద్ధం గురించి కూడా పుస్తకం మౌనంగా ఉంది. నల్లగొండ పిల్లలకు అది పెద్ద లోటు. సాగర్ నీటి మధ్యనున్న నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి, సింహళ భిక్షువుల ప్రభావం చేరిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారంతో పాటు చీనాను పేర్కొంటుంది. అది మూడవ శతాబ్దపు మాట. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి మాధ్యమిక గ్రంథాన్ని బౌద్ధ పండితుడు కుమారజీవుడు ఐదవ శతాబ్దపు తొలి ఏళ్లలో ఛాంగ్ఆన్ నగరంలో చైనీస్‌లోకి అనువదించాడు. ఏడవ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ధాన్యకటకం (నేటి అమరావతి ప్రాంతం) దాకా వచ్చి వెళ్లాడు. అందుకే పెట్టెలోని పుస్తకం ముగిశాక మేము పిల్లలను నాగార్జునసాగర్‌లో 2022లో ప్రారంభమైన బౌద్ధ ఉద్యానవనం బుద్ధవనానికి తీసుకెళ్లాం. రామగిరి నుంచి వెళ్లిరావడం ఒక్కరోజు పని. ఈ పెట్టె కొన్న మన జిల్లా వాళ్లు ఎవరైనా ఆ ప్రయాణాన్ని దీనిలో భాగంగానే చూడాలని నా కోరిక.

కొనదలచినవారికి రెండు మాటలు. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఇది సరిపోతుంది, అంతకన్నా చిన్నవాళ్లకు గుడ్డ, లాంతర్లు తప్ప మిగిలినవి ఉపయోగపడవు. వచ్చే చైనా కొత్త సంవత్సరం, అంటే మేక సంవత్సరం, 2027 ఫిబ్రవరి 6న మొదలవుతుంది, లాంతర్ల పండుగ ఫిబ్రవరి 20న వస్తుంది. నెల ముందే తెప్పించుకుంటే కాగితపు పనులకు సమయం చిక్కుతుంది. పుస్తకమంతా ఇంగ్లిషులోనే ఉంది కాబట్టి పెద్దవాళ్లు ఎవరో ఒకరు పక్కన కూర్చొని తెలుగులో చెబుతూ చేయించాలి. ఆ తీరిక లేని ఇళ్లకు దీన్ని కొనమని నేను చెప్పను.