ఇనుము పాతది, మోటారు కొత్తది: ఇంటి వర్క్‌షాప్‌కి హెవీ టూల్స్ ఎలా కొనాలి

ముందే చెప్పేస్తున్నా. హెవీ డ్యూటీ టూల్స్ చవగ్గా కావాలంటే పోత ఇనుముతో చేసినవి సెకండ్ హ్యాండ్‌లో కొనండి, చేత్తో పట్టుకుని వాడే మోటారు మిషన్లు మాత్రం కొత్తవి, బిల్లుతో కొనండి. హైదరాబాద్‌లో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఏళ్లుగా గేట్లు, గ్రిల్స్, టేబుల్ ఫ్రేములు చేసుకుంటున్నాను, ఇంతకాలం వాడాక నాకు తేలిన లెక్క ఇది. వైస్ (ముక్కని దవడల మధ్య బిగించి పట్టేది), దాగలి, పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్ (స్తంభానికి బిగించి ఉండేది) లాంటివి అరిగితే చేతికి తెలిసిపోతుంది, అరిగిన ముక్క మార్చుకోవచ్చు కూడా. ఇనుము కోసే, రుద్దే యాంగిల్ గ్రైండర్ అలా కాదు. లోపల ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) ఎన్నిసార్లు వేడెక్కిందో, వైండింగ్ (దాని తీగ చుట్లు) మీద పూత ఎంత మాడిందో బయట నుంచి చూసి ఎవరూ చెప్పలేరు.

నా డ్రిల్లింగ్ మిషన్ బాలానగర్ వైపు మూతపడ్డ ఓ చిన్న యూనిట్ నుంచి వచ్చింది. అలాంటి కొత్త మిషన్ ధరలో మూడో వంతు కూడా పెట్టలేదు. అక్కడ, జీడిమెట్లలో పాత మిషన్లు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ పైన వేసిన కొత్త పెయింటు చూసి రేటు ఒప్పుకోకండి. చక్ (డ్రిల్ బిట్టుని బిగించే భాగం) పట్టుకుని అటూ ఇటూ గట్టిగా ఊపి చూడాలి. ముందు స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) పైన ఉండగా, తర్వాత పూర్తిగా కిందికి దించాక. పైన గట్టిగానే ఉండి కిందికి దించినప్పుడు ఊగులాట కనిపిస్తే క్విల్ (స్పిండిల్‌ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే గొట్టం) అరిగిపోయినట్టు, అది బాగు చేయించడం ఖర్చుతో కూడిన పని, అలాంటిది వదిలేయండి. చేతితో తిప్పినప్పుడు గరగరమంటే మాత్రం భయపడక్కర్లేదు, చాలావరకు బేరింగులే, అవి కొత్తవి వేసుకోవచ్చు. అయితే బేరింగుల్లో నకిలీ సరుకు ఎక్కువ, ఎస్‌కేఎఫ్ వాళ్లు అసలుదో కాదో చూసుకోవడానికి ఏకంగా యాప్ పెట్టారంటే పరిస్థితి అర్థం చేసుకోండి. తర్వాత టేబుల్ చూడండి, పైన పొరపాటున పడిన రంధ్రాలు రెండు మూడు ఉన్నా నష్టం లేదు గానీ, బిగింపు దగ్గర పగులు, దాని మీద వెల్డింగ్ మచ్చ కనిపిస్తే తీసుకోవద్దు, ఎంత తగ్గించినా సరే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చే మిషన్లకు ఎక్కువగా త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది, మన ఇళ్లలో ఎక్కువగా సింగిల్ ఫేజే. నిజానికి బేరం దొరికేది ఇక్కడే. ఇంటికి తీసుకెళ్దామనుకునేవాళ్లు ఆ మోటారు చూసి వెనక్కి తగ్గుతారు, దాంతో రేటూ తగ్గుతుంది. ఆ మోటారు తీసేసి 1440 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) సింగిల్ ఫేజ్ హాఫ్ హెచ్‌పీ మోటారు పెట్టించుకుంటే 13 ఎంఎం చక్‌కి సరిపోతుంది, పుల్లీ, బెల్టు పాతవే పనికొస్తాయి. షాఫ్ట్ సైజు, మోటారు కాళ్ల రంధ్రాల దూరం ముందే కొలిచి తీసుకెళ్లండి, లేకపోతే ప్లేటు చేయించడానికి మళ్లీ తిరగాలి.

హెచ్‌ఎంటీ, ప్రాగా లాంటి పాత మిషన్ కంపెనీల పేర్లు పోత మీద కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. ప్రాగా టూల్స్ 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన కంపెనీ, తర్వాత హెచ్‌ఎంటీ చేతికి వెళ్లింది. మన ఊళ్లో తయారైన ఆ సరుకు తుక్కు ధరకి కరిగించడానికి వెళ్తుంటే నాకు మనసు ఒప్పుకోదు.

వైస్‌లు ఎర్రగడ్డ ఆదివారం సంతలో చూస్తుంటాను. చిన్న సుత్తితో తట్టి చూడండి, ఖంగుమని మోగాలి, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు దవడ కదలకుండానే అర చుట్టు తిరిగిపోతే నట్టు అరిగింది. మరీ తక్కువ రేటు చెప్పి, ఎక్కడిదంటే తడబడేవాళ్ల దగ్గర కొనకండి, అది ఎవరి షెడ్డులోంచి వచ్చిందో తెలియదు.

ఇక యాంగిల్ గ్రైండర్. నాలుగించులది, పేరున్న కంపెనీదే రాణిగంజ్‌లో కొత్తది కొన్నాను. ఇప్పటికీ రోజూ తిరుగుతోంది, కార్బన్లు (మోటారుకి కరెంటు అందించే బ్రష్‌లు) మార్చాను, ఒకసారి స్విచ్ మార్చాను, అంతే. బ్రాండ్ కంటే ఆ కార్బన్లు, స్విచ్, ఆర్మేచర్ మనకు దగ్గర్లో దొరుకుతాయా అనేదే ముఖ్యం, కొనే రోజే ఆ మోడల్ కార్బన్లు ఒక జత అడిగి చూడండి, లేవంటే ఆ మిషన్ కూడా వద్దు. రాణిగంజ్‌లో ఎంఆర్‌పీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆన్‌లైన్ పండగ సేల్‌లో "సగం ధర" అని ఊరించే రేటు, అక్కడ మామూలు రోజు కౌంటర్ దగ్గర చెప్పే రేటు పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు తేడా ఉండదు. ఆన్‌లైన్‌లో నిజంగా లాభం వచ్చేది పాత మోడల్ ఖాళీ చేసేటప్పుడే. "బిల్లు కావాల్నా అన్నా, వద్దంటే తగ్గిస్తా" అంటారు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడి బిల్లు వదిలేస్తే వారంటీ కూడా వదిలేసినట్టే, పైగా అది డూప్లికేట్ అయితే ఎవరినీ అడగలేం.

డిస్కుల దగ్గర మాత్రం అస్సలు బేరం చూడకండి, ఇది గట్టిగా చెప్తున్నా. కటింగ్ డిస్కు మధ్యలో ఉన్న ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటుంది, అది ఎక్స్‌పైరీ తేదీ. రెసిన్‌తో అంటించిన డిస్కు కాబట్టి తేమకి, కాలానికి బలం తగ్గుతుంది, సాధారణంగా మూడేళ్లు ఇస్తారు. ఫుట్‌పాత్ మీద కట్టలు కట్టి సగం రేటుకి అమ్మే వాటిలో తేదీ దాటినవి నేను చాలా చూశాను. నాలుగించుల డిస్కు మీద అది తట్టుకునే గరిష్ఠ వేగం 15,200 ఆర్‌పీఎం అని రాసి ఉంటుంది, మిషన్ తిరిగేది 11,000 దగ్గర, ఆ వేగంలో ముక్క విరిగి ఎగిరితే కంటికి, మెడకి ఏమవుతుందో వేరే చెప్పాలా. గార్డు తీసేసి పెద్ద డిస్కు ఎక్కించేవాళ్లని చూస్తే నాకు కోపం, భయం రెండూ వస్తాయి.

వెల్డింగ్ మిషన్ల లేబుళ్లు నమ్మకండి. ఐదారు కిలోల డబ్బా మీద "200 ఆంప్స్" అని ఉంటుంది. లెక్క వేయండి: 200 ఆంప్స్‌కి ఆర్క్ దగ్గర సుమారు 28 వోల్టులు కావాలి, అంటే 5,600 వాట్లు, మిషన్‌లో పోయేది కలుపుకుంటే 230 వోల్టుల లైన్ నుంచి 28 ఆంప్స్ పైనే లాగాలి. ఇంట్లో 16 ఆంప్స్ సాకెట్ నుంచి అది వచ్చే పనే కాదు. గ్రిల్స్, గేట్లకు రెండున్నర ఎంఎం రాడ్డు, 70 నుంచి 90 ఆంప్స్ చాలు. అందుకే నేను తక్కువ ఆంప్స్ రాసి, డ్యూటీ సైకిల్ (పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు ఆగకుండా పనిచేస్తుందో చెప్పే లెక్క) స్పష్టంగా ఇచ్చిన మిషన్ తీసుకున్నాను, ఎండాకాలం రేకుల కింద కూడా ఆగకుండా పనిచేస్తోంది. కేబుల్ రాగిదా, రాగి పూత వేసిన అల్యూమినియమా అని కొంచెం గీకి చూడండి.

పద్నాలుగించుల కటింగ్ మిషన్ కూడా కొత్తదే. రెండు వేల వాట్ల పైన ఉంటుంది, స్టార్ట్ చేసిన క్షణంలో ఎంసీబీ పడిపోతుంటే మిషన్‌ని తిట్టకుండా బి కర్వ్ తీసి, స్టార్టింగులో ఒక్కసారిగా లాగే కరెంటుని తట్టుకునే సి కర్వ్ ఎంసీబీ వేయించండి. ఎక్స్‌టెన్షన్ వైరు రెండున్నర స్క్వేర్ ఎంఎం ఉండాలి, ఎర్తింగు, కరెంటు లీకైతే లైన్ కట్ చేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. బడ్జెట్ వేసేటప్పుడు ఈ ఖర్చు కూడా మిషన్ ధరలో కలపండి.

ఇనుము పాతది కొనమన్నానని ఎయిర్ కంప్రెసర్ కూడా పాతది తెచ్చుకోకండి. మిగతా ఇనుము వేరు, ఇది వేరు. గాలిలోని తేమ ట్యాంకు అడుగున నీరై నిలుస్తుంది, పాత యజమాని డ్రెయిన్ తిప్పి తీయకపోతే లోపల నుంచి తుప్పు తినేస్తుంది, బయట పెయింటు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. ప్రెషర్‌తో ఉన్న ట్యాంకు పగిలితే దగ్గరున్నవాళ్ల ప్రాణానికే ముప్పు. దీన్ని కొత్తదే కొన్నాను, పని అయ్యాక ప్రతిసారీ డ్రెయిన్ తిప్పి నీళ్లు తీసేస్తాను, వానాకాలంలో గ్లాసుడు నీళ్లు వచ్చిన రోజులూ ఉన్నాయి.