జొటెరో: థీసిస్ రాసేవారికి నమ్మకమైన గుమాస్తా

థీసిస్ రాసే విద్యార్థికి ఆలోచనకంటే రిఫరెన్సుల పట్టికే ఎక్కువ పొద్దు తినేస్తుందని, కామాలూ చుక్కలూ చేత్తో సరిచేసుకున్నవారెవరైనా ఒప్పుకుంటారు. జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకొని 2006లో విడుదలైన, రిఫరెన్సులను దాచిపెట్టి పట్టికగా అమర్చిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్‌ను నేను పీహెచ్‌డీ మొదటి ఏడాది నుంచీ వాడుతున్నాను. ఇది ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే.

బ్రౌజర్‌లో వ్యాసం తెరిచి పైనున్న చిన్న గుర్తును నొక్కితే రచయితల పేర్లు, పత్రిక, సంపుటి, పుటల సంఖ్యలు, దొరికితే పీడీఎఫ్ కూడా మన లైబ్రరీలో చేరిపోతాయి. వర్డ్, లిబ్రే ఆఫీస్, గూగుల్ డాక్స్‌లలో దేనిలో రాస్తున్నా, సైటేషన్లు చేర్చుకుంటూ పోయి చివర ఒక్క మీట నొక్కితే పట్టిక సిద్ధమవుతుంది. రిఫరెన్సులు రాసే తీరుల్లో ఒకటైన ఏపీఏ పద్ధతిలో రాసిన వ్యాసాన్ని మరో పత్రిక షికాగో అనే ఇంకో పద్ధతిలో అడిగితే, శైలి పేరు మార్చడమే తప్ప మళ్లీ టైపు చేసే పని ఉండదు.

అలాగని గుడ్డిగా వదిలేయకూడదు. నా మొదటి అధ్యాయంలో ఒకే వ్యాసం ఒకచోట 2014ఎ అనీ, మరోచోట 2014బి అనీ అచ్చయితే, మా గైడు రెండింటికీ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "ఇవి రెండు వ్యాసాలా?" అని అడిగారు. తప్పు నాదే. ఆ వ్యాసాన్ని ఒకసారి పత్రిక పేజీ నుంచి, మరోసారి వేరే ఆర్కైవ్ నుంచి దాచుకొని, నకళ్లను కలపడం మరిచాను; దాంతో జొటెరో వాటిని ఒకే రచయిత ఒకే ఏడాది రాసిన రెండు వ్యాసాలనుకొని ఎ, బి అని విడదీసింది. ఎడమ పక్కనే ఉన్న నకళ్ల విభాగంలోకి వెళ్లి రెండింటినీ కలిపి, వర్డ్‌లో రిఫ్రెష్ నొక్కగానే ఆ ఎ, బి అక్షరాలు మాయమయ్యాయి.

ఉచితంగా దొరికే 300 ఎంబీ ఆన్‌లైన్ స్థలం, స్కాన్ చేసిన పుస్తకాలు దాచుకునేవారికి బొత్తిగా చాలదు. బృందంగా పనిచేసే ల్యాబుల్లో గ్రూపు ఫైళ్ల బరువంతా ఆ గ్రూపు యజమాని ఖాతామీదే పడుతుంది కనుక, ఆ బాధ్యతను కొత్తగా చేరిన విద్యార్థి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ప్రచురించాక ఉపసంహరణకు గురైన వ్యాసం మన లైబ్రరీలో ఉంటే 2019 నుంచి జొటెరో హెచ్చరిస్తోంది. నా దృష్టిలో ఈ ఒక్క సదుపాయం కోసమైనా దీన్ని వాడవచ్చు.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు దీన్ని థీసిస్ సమర్పించే ముందు కాకుండా మొదటి సెమిస్టర్‌లోనే నేర్పితే మేలు. సమాచారమంతా మన కంప్యూటర్‌లోనే ఉంటుంది కాబట్టి చదువు ముగిసినా పోదు. విశ్వవిద్యాలయ ఈమెయిల్‌తో ఖాతా తెరిచినవారు మాత్రం ఆ ఈమెయిల్ మూతపడకముందే సొంత ఈమెయిల్‌ను కూడా చేర్చుకోవాలి.