పుట్టి వడ్లా, నెల బస్తానా, రోజుకు రెండు కేజీలా: ఏది మేలు?

బియ్యంతో మొదలుపెడదాం. నెల్లూరు జిల్లాలో ఇంటిఖర్చు మాటెత్తితే ముందు నోట్లోకి వచ్చేది అదే. కోవూరు, ఇందుకూరుపేట వైపు పొలమున్న ఇళ్లల్లో కోతలు కాగానే ఇంటి తిండికని ఒక పుట్టి వడ్లు పక్కన పెట్టేస్తారు. నెల్లూరు టౌన్లో నెల జీతం మీద బతికే ఇంటికి నెలకు రెండు బస్తాలు ఆటోలో దిగుతాయి. మేస్త్రీ దగ్గర పనికెళ్లే ఇంట్లో సాయంత్రం కూలి చేతిలో పడ్డాక అంగడికి పోయి రెండు కేజీలు తెచ్చుకుంటారు. మూడిళ్లలోనూ ఉడికేది బియ్యమే అయినా కట్టే ధర వేరు.

మా వైపు పుట్టి అంటే 850 కిలోలు. 2025-26కి గ్రేడ్-ఎ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి వడ్లు 20,300 చేస్తాయి. మర ఆడిస్తే నూటికి 65 కిలోలు బియ్యం దిగుతాయనుకుంటే 550 కిలోలు. మర కూలికి తవుడు సరి అనుకుంటే కిలో 37 రూపాయలు పడింది. అంగట్లో 26 కిలోల సన్నబియ్యం బస్తా 1,400 అనుకోండి, కిలో 54. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి దాదాపు ఆ పుట్టి బియ్యమే కావాలి. తేడా తొమ్మిది వేల పైచిలుకు. పైగా ఇంట్లో నిలవున్నవి పాత బియ్యమవుతాయి, అన్నం ఒదుగుతుంది, ముద్ద కట్టదు.

(బస్తా 25 కిలోల నుంచి 26కి ఎందుకు పెరిగిందని చాలామందికి అనుమానం. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబులేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు. మిల్లులోళ్లు ఒక్క కిలో కలిపి పన్ను దాటేశారు. మనం ఆ కిలో మోసుకుంటున్నాం.)

ఇంతవరకూ చూస్తే ఏడాది పద్ధతే మేలు. అయితే ఆ పుట్టి వడ్లు పక్కన పెట్టడం ఊరికే కాదు. అమ్ముకుంటే వచ్చే ఇరవై వేలు అక్కడ నిద్రపోతున్నట్టు. అదే రైతుకు బయట నూటికి రెండు రూపాయల వడ్డీ బాకీ ఉంటే, ఏడాదికి 24 శాతం. వడ్లు నెలనెలా తరిగేవే కాబట్టి సగం మొత్తానికి లెక్కేసినా రెండు వేల నాలుగొందలు వడ్డీ కిందే పోతుంది. పురుగు, ఎలుక, తరుగు తీస్తే మిగిలేది ఆరేడు వేలు. ఆ ఆరేడు వేలు కూడా తక్కువేం కాదు.

పొగాకు రైతుకు ఈ సుఖం కూడా లేదు. కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు ఇళ్లకూ ఆదాయం ఏడాదికోసారే, కానీ పండించింది తినేది కాదు. బియ్యం దగ్గర్నుంచి చింతపండు దాకా టౌన్ వాళ్లలాగే కొనుక్కోవాలి. పొగాకు బోర్డు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయాక బ్యాంకు బాకీ ముందే కోసుకుని మిగిలింది ఖాతాలో పడుతుంది. ఎరువుల కొట్టు బాకీ, పొగాకు కాల్చే బ్యారన్‌కు కట్టెల బాకీ, ఆకు కొట్టిన కూలోళ్ల లెక్క, అన్నీ ఆ డబ్బు కోసమే కాచుక్కూర్చుంటాయి. వాటి వెనకే జూన్‌లో బడులు తెరుస్తారు. ఏడాది ఆదాయం ఉన్న ఇంటి అసలు బాధ ఇదీ: వచ్చేది ఒకసారే కాబట్టి అడిగేవాళ్లూ ఒకేసారి వస్తారు. మిగతా నెలల్లో ఆ ఇల్లు అరువు మీదే నడుస్తుంది, అరువిచ్చే కొట్లో బేరం ఆడే నోరుండదు.

నెల జీతం ఇంటికి ఆ భయం లేదు. ఒకటో తారీఖో ఐదో తారీఖో డబ్బు పడుతుంది, స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్‌గా సరుకులు తెచ్చుకునే వీలుంది. తిండి దగ్గర వీళ్లు పెద్దగా నష్టపోరు. పోయేదంతా తిండికి ముందే పోతుంది: ఇంటి లోను కంతు, బండి కంతు, ఫోను కంతు, పిల్లల ఫీజు, చీటీ. పదో తారీఖుకు మిగిలినదాంతో కూరగాయలూ చేపలూ కొనాలి. అందుకే ఆదివారం చేపల పులుసు నెల మొదట్లో కొర్రమీను, చివర్లో చిన్నచేపలు. జీతం పెద్దదే, చేతికందేది చిన్నది. రైతు ఇంట్లో ఖర్చు పంటను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. జీతగాడి ఇంట్లో ఒకసారి పెరిగిన ఖర్చు దిగదు, ఎందుకంటే అది సంతకం పెట్టిన ఖర్చు. ఇందులో చదువు వాటా మా ఊళ్లో మరీ ఎక్కువ. కార్పొరేట్ కాలేజీల్లో పెద్ద పేరున్న నారాయణ సంస్థ పుట్టిందే నెల్లూరులో. ఇంటర్ పిల్లాడున్న ఇంట్లో ఆ రెండేళ్లూ మరో ఖర్చు గురించి మాట్లాడరు.

కేంద్ర గణాంక శాఖ వాళ్ల కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2022-23లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 4,870 రూపాయలు, పట్టణాల్లో 6,782. దేశం మొత్తం మీద పల్లె ఖర్చులో తిండి వాటా 1999-2000లో 59 శాతం పైన ఉండేది, 2023-24కి 47కి దిగింది. ఆదాయం పెరిగేకొద్దీ తిండి వాటా తగ్గుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త 1857లోనే చెప్పాడు, ఇది దానికి సరిపోయింది. నాకు ఆ సర్వేలో ఇంకో సంగతి నచ్చింది. కూరగాయలు, నూనె, చేపలు, మాంసం గురించి అడిగేటప్పుడు గడిచిన 7 రోజుల లెక్క అడుగుతారు. బియ్యం, పప్పులకు 30 రోజులు. బట్టలు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఇంటి సామాన్లకు 365 రోజులు. ఖర్చుకు వారం, నెల, ఏడాది అనే మూడు నడకలున్నాయని వాళ్లూ ఒప్పుకున్నట్టే. ఆదాయం నడక వీటిలో ఒక్కదానికే కుదురుతుంది. మిగతా రెండింటి దగ్గర ప్రతి ఇల్లూ ఏదో ఒక నష్టం కట్టాల్సిందే.

అన్నింటికంటే ఎక్కువ కట్టేది రోజుకూలి ఇల్లు. కనిగిరి వైపు నుంచి బేల్దారి (ఇళ్లు కట్టే) పనులకొచ్చి నెల్లూరులో ఉంటున్న కుటుంబం అరువు పుస్తకం ఒకటి చూశాను. మడతలు పడి, మూలలు నూనె పీల్చుకున్న చిన్న పుస్తకం. ‘నూనె 30, పప్పు పావు, చింతపండు 10, బిళ్లలు 10.’ మర్నాడు మళ్లీ ‘నూనె 30.’ మూడోనాడు పని లేదు కాబోలు, ‘గుడ్లు 2’ అని ఒక్కటే. నూనె లీటరుగా, చింతపండు కిలోగా కొంటే పడే ధరకూ ముప్పైకీ పదికీ కొంటే పడే ధరకూ ఉన్న తేడా ఏ అంగడాయన్నడిగినా చెప్తాడు. షాంపూ ఒక్కటే దీనికి తలకిందులు, చిన్న ప్యాకెట్లే సీసా కంటే చవకపడడం మామూలు. బియ్యం సంగతి మాత్రం నయం. కార్డున్నవాళ్లకు మనిషికి 5 కిలోల చొప్పున 2023 జనవరి నుంచి ఉచితంగానే వస్తున్నాయి, చాలనివే అంగట్లో కొంటారు. అందువల్ల ఈ ఇంటికి బియ్యం మీద పోయేది తక్కువ, పప్పు, నూనె మీద పోయేది ఎక్కువ.

అంతకంటే ఎక్కువ పోయేది వడ్డీకి. డైలీ ఫైనాన్స్ లెక్క చూడండి. పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. అసలు రోజురోజుకీ తగ్గుతూ పోతుంది కాబట్టి, సరిగ్గా లెక్కేస్తే నూటికి నెలకు ఆరు రూపాయల పైమాటే. రైతు పంట రుణం 7 శాతం, అదీ ఏడాదికి, గడువులో కడితే 4. ఏడాదికి లెక్కేస్తే, డబ్బు రోజూ చూసే మనిషి ఆ 4 శాతానికి దాదాపు ఇరవై రెట్లు కడుతున్నాడు.

కూలి చేసుకునేవాళ్లకు పొదుపు తెలీదనేవాళ్లు మా జిల్లాలోనే ఉన్నారు, అదే విడ్డూరం. 1992లో సారా మీద తిరగబడింది దూబగుంట ఆడవాళ్లు. మొగోడి కూలి సారా దుకాణంలో ఆగిపోకుండా ఇంటికి చేరాలన్నదే ఆ గొడవ, అంటే ఇంటిఖర్చు గొడవే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది, రోజుకు ఒక్క రూపాయి లెక్క. నెలకు ముప్పై తెమ్మంటే పోగయ్యేది కాదేమో, రోజుకు రూపాయన్నారు కాబట్టి పోగైంది. కూలి డబ్బు వచ్చే నడకకు సరిపోయింది. ఇప్పుడు డ్వాక్రా సంఘాలకు మూడు లక్షల దాకా 7 శాతానికి బ్యాంకు అప్పు దొరుకుతోంది, మంచిదే. తిరిగి కట్టే కంతు మాత్రం నెలకోసారి. రోజూ వందో రెండొందలో పక్కన పెట్టుకోలేని ఇంట్లో, కంతు తారీఖు ముందురోజు మళ్లీ డైలీ ఫైనాన్స్ గుర్తొస్తుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లది ఇంకో తీరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ కాలానికి 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 20,000 రోజుల మీద పంచితే ఇంటికి 328 రూపాయలు. వేట ఉన్న నాళ్లలో రోజు లెక్క, లేని నాళ్లలో అరువు లెక్క.

మరి ఏది మేలు? తిండికి ఏడాది పద్ధతి, ఫీజుకూ మందులకూ నెల పద్ధతి. రోజు పద్ధతి దేనికీ మేలు కాదు, అది ఎవరూ కోరి ఎంచుకున్నదీ కాదు. జీతగాళ్లు రైతుల్ని చూసి నేర్చుకోదగ్గవి మూడే: బియ్యం, కందిపప్పు, చింతపండు. వేసవి లోపు చేతిలో డబ్బుంటే ఈ మూడూ ఏడాదికి వేసుకోండి, పప్పును బాగా ఎండబెట్టి డబ్బాలో పోయండి. నూనె, కారప్పొడి ఏడాదికి వద్దు, చిక్కువాసన వస్తాయి. కారం కావాలంటే మిరపకాయలే దాచుకుని రెండు నెలలకోసారి ఆడించుకోండి. క్రెడిట్ కార్డు మీద మాత్రం ఏడాది సరుకు కొనొద్దు, మిగిలిందంతా దాని వడ్డీకే పోతుంది. రైతులు జీతగాళ్ల నుంచి తెచ్చుకోవాల్సింది నెలనెలా వచ్చే ఒక్క ఆదాయపు పాయ. రెండు బర్రెలున్న ఇంట్లో పాల డబ్బులు పదీ పదిహేను రోజులకోసారి వస్తుంటే అంగడి అరువు సగం తగ్గుతుంది. ఆ డబ్బు సాధారణంగా ఆడవాళ్ల చేతికొస్తుంది, వంటింటికే పోతుంది.

కాగితం మీద అన్నింటికంటే చవకైన ఇల్లు వేరే ఉంది: అన్నదమ్ములిద్దరూ కలిసుండి, ఒకరు పొలం చూసుకుంటూ, ఒకరు నెల్లూరులో ఉద్యోగం చేసే ఇల్లు. వడ్లు అక్కణ్నుంచి, జీతం ఇక్కణ్నుంచి. కానీ టౌన్లో ఉన్న కోడలు పప్పు కోసం అత్తగారికి ఫోన్ చేసి, ‘అత్తా, పప్పు అయిపోయింది’ అనాలి. ‘అప్పుడే అయిపోయిందా మా?’ అని అటునుంచి రావచ్చు. పొలం చూసే అన్నకు తమ్ముడి జీతమెంతో తెలుసు, తమ్ముడికి అన్న అమ్మిన వడ్ల ధర తెలీదు. ఈ లెక్కలు పంచుకోవడం కంటే విడిగా అద్దె, విడిగా గ్యాసు, విడిగా ఫ్రిజ్ కట్టుకోవడమే నయమనుకునేవాళ్లు చాలామంది. దాన్ని దుబారా అని నేననను. నెలకు ఆరేడు వేలు ఎక్కువైనా, ఎవరి డబ్బాలో పప్పు వాళ్లకు కనబడుతుంది.