నీలిగుడ్డ ఈగల ఉచ్చు: త్సెత్సీ కోసం పుట్టినది, మన జోరీగలకు ఎంతవరకు పనికొస్తుంది?

రాజురా నుంచి ఆసిఫాబాద్ దాకా రోడ్డుకు ఇరువైపులా ఉన్న ఊళ్లలో వానలు పడ్డప్పటి నుంచి పత్తి ఏరే రోజుల దాకా జోరీగలు బర్రెలను, ఎడ్లను కుదురుగా నిలబడనీయవు. పశువుల మందులు అమ్మే ఒక దుకాణంలో నీలిగుడ్డ ఉచ్చు కనబడితే కొని, వానకాలమంతా మా కొట్టం దగ్గర నిలిపి చూశాను. ముందు వైపు ముదురు నీలం, నలుపు గుడ్డలు, వెనుక తెల్లని దోమతెర, పైన ప్లాస్టిక్ సీసా, నిలబెట్టడానికి ఇనుప ఊచలు, ఒక చిన్న వాసన పొట్లం, అన్నీ కలిపి రెండు వేల రూపాయలు దాటుతుంది. “కాకా, ఇదొక్కటి కట్టినవంటే కొట్టం దిక్కు ఈగ రాదు” అని దుకాణదారు ధీమాగా చెప్పాడు. ఆ మాట సగమే నిజం. మిగతా సగం ఎందుకు నిజం కాదో, ఈ ఉచ్చు మొదట ఏ ఈగ కోసం తయారైందో చూస్తే తెలుస్తుంది.

డబ్బాలోని కరపత్రం మీద ఉన్న బొమ్మ జోరీగది కాదు, రెక్కలను ఒకదానిపై ఒకటి మడిచి కూర్చున్న త్సెత్సీ ఈగది. అది సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో తప్ప మన దేశంలో లేదు. ఆ సంగతిని కరపత్రం ఎక్కడా చెప్పదు. త్సెత్సీలో ఆడా మగా రెండూ రక్తం మీదే బతుకుతాయి. కడుపునిండా తాగితే దాని బరువు రెండింతలు దాటుతుంది కాబట్టి, రక్తంలోని నీటిని అది త్వరత్వరగా విసర్జించి ఒళ్లు తేలిక చేసుకుంటుంది. ఎగరడానికి కావలసిన శక్తిని చక్కెర నుంచి కాక ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం నుంచి తీసుకుంటుంది. రక్తంలో చాలని బి విటమిన్లను దాని పేగు దగ్గర కాపురముండే విగిల్స్‌వర్తియా అనే బ్యాక్టీరియా సమకూరుస్తుంది, ఆ బ్యాక్టీరియా పోతే ఆడ ఈగ గొడ్డుపోతుంది.

ఉచ్చుకు సంబంధించినంతవరకు అన్నిటికన్నా ముఖ్యమైనది దాని కాన్పు. త్సెత్సీ గుడ్లు పెట్టదు. ఒక్కో విడతకు ఒక్క అండమే గర్భాశయంలో పొదుగుతుంది, పాలగ్రంథిలో ఊరే పాలు తాగుతూ పురుగు అక్కడే పెరుగుతుంది, తొమ్మిది పది రోజులకు ఒకటి చొప్పున బయటపడి వెంటనే మట్టిలోకి దూరి ప్యూపాగా మారుతుంది. ఒక ఆడ ఈగ బతికినంత కాలంలో కనేవి మామూలుగా పదిలోపే. ఇంత నిదానంగా పెరిగే జాతి కాబట్టి, ఆడ ఈగల్లో రోజుకు నాలుగు శాతాన్ని అదనంగా చంపగలిగినా కాలక్రమంలో ఆ ప్రాంతంలో వాటి సంతతి కరిగిపోతుందని లెక్క. జాంజిబార్‌లోని ఉంగుజా దీవిలో ముందు మందులతో సంఖ్య తగ్గించి, ఆ తరువాత సంతానం కలిగించలేని మగ ఈగలను వదిలి 1990లలో వాటిని పూర్తిగా తుడిచిపెట్టగలగడానికి కూడా ఈ నిదానమే తోడ్పడింది.

జోరీగ అలాంటిది కాదు. చెరువు గట్టున, వరి మడి పక్కన ఆకుల మీద ఒక్కసారే వందల గుడ్లు పెడుతుంది, పురుగులు బురదలో నెలల తరబడి పెరుగుతాయి. కొట్టం దగ్గర ఒక గుడ్డ కట్టి వాటి సంతతిని తగ్గించగలమనుకోవడం అత్యాశ, మా ఊళ్లోనూ తగ్గలేదు. పట్టడంలో మాత్రం ఉచ్చుకు వంక పెట్టలేను. నీలం దూరం నుంచి పిలుస్తుంది, నలుపు మీద వాలిన ఈగ తిరిగి వెలుతురు వైపు, అంటే తెర మీదుగా పైకి పాకి సీసాలో పడుతుంది. సీసాను కుమ్మరించి చూస్తే దాదాపు ప్రతి జోరీగకూ రెండు కళ్ల మధ్య సన్నని చీలిక కనిపించింది. అది ఆడ ఈగ గుర్తు, మగదాని కళ్లు కలిసిపోయి ఉంటాయి. జోరీగల్లో రక్తం తాగేది ఆడదే, మగది పూల తేనెతో సరిపెట్టుకుంటుంది. పైగా పడినవాటి పొట్టలు చాలావరకు పలచగా ఉన్నాయి, అంటే ఉచ్చు పట్టింది ఆకలిమీద పశువును వెతుక్కుంటూ వచ్చినవాటిని.

ఇక్కడే ఈ సాధనం విలువ ఉంది. పశువులకు ఈగకాట్ల వల్ల అంటే సర్రా జబ్బుకు కారణమైన ట్రిపనోసోమా ఇవాన్సై అనే సూక్ష్మజీవిని గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు 1880లో అప్పటి పంజాబ్‌లో గుర్రాలు, ఒంటెల రక్తంలో కనుగొన్నాడు. ఆఫ్రికా నిద్రజబ్బు సూక్ష్మజీవి త్సెత్సీ పేగులో, లాలాజల గ్రంథుల్లో వారాల తరబడి రూపాలు మార్చుకుంటేనే మరొకరికి అంటుతుంది. సర్రా జీవి జోరీగలో ఏమీ పెరగదు. ఒక బర్రెను కుడుతుండగా తోక దెబ్బకు లేచిన ఈగ, మూతికి అంటిన రక్తంతోనే పక్క బర్రె మీద వాలితే చాలు, జబ్బు అంటుకోవచ్చు. కాబట్టి సంతతి తగ్గకపోయినా కాట్లు తగ్గితే ప్రయోజనమే. ఇది మనకు దూరపు సంగతి కాదు. 2004లో చంద్రపూర్ జిల్లా సియోనీ గ్రామంలో ఒక రైతుకు ఈ జీవి సోకింది, ప్రపంచంలో నిర్ధారణ అయిన తొలి మానవ కేసుగా దానిని నమోదు చేశారు. సురామిన్ అనే మందుతో ఆయన కోలుకున్నాడు. సాధారణంగా మనుషుల రక్తంలో ఈ జీవిని చంపే ఏపీఓఎల్1 అనే ప్రోటీన్ ఆయనలో లేదని తరువాతి పరీక్షల్లో తేలింది. కాబట్టి ఈ కేసు చూపించి అందరినీ భయపెట్టి ఉచ్చు అమ్మడం తగదు.

లోపాల విషయానికి వస్తే, నీలం రంగు ఒక్క కాలానికే వెలిసిపోయింది, ఈ ఉచ్చుకు ఆ రంగే ప్రాణం కాబట్టి దీనిని చిన్న లోపంగా తీసుకోలేము. వాసన పొట్లం త్వరగా ఆరిపోయింది, తరువాత ఎడ్ల మూత్రాన్ని మూతలేని డబ్బాలో పులియబెట్టి పక్కన పెట్టాను, పట్టు తగ్గినట్టు కనిపించలేదు. పశువుల ఊపిరిలో ఉండే ఆక్టెనాల్, మూత్రంలోని ఫినాల్‌లు అనే వాసన పదార్థాలు త్సెత్సీతో పాటు జోరీగలనూ లాగుతాయి కాబట్టి, ఖాళీ అయిన పొట్లానికి మళ్లీ డబ్బు పెట్టనక్కరలేదు. కొట్టం లోపల కడితే దండగ, పశువులు వచ్చే దారిలో ఎండ పడే చోట, గడ్డి తీసేసి, నేలకు దగ్గరగా నిలపాలి. కరపత్రంలో ఉండవలసిన ఈ మాటలు అందులో లేవు.

నాలుగైదు పశువులున్న ఇంటికి, చెరువు పక్క కొట్టానికి నేను దీనిని సిఫారసు చేస్తాను. పశువు జ్వరంతో చిక్కిపోతున్నా, గుండ్రంగా తిరుగుతున్నా దీనిని నమ్ముకోకుండా పశువైద్యుడి చేత రక్తపరీక్ష చేయించాలి. తయారీదారు విడిగా నీలిగుడ్డను అమ్మితే వచ్చే ఏడాది ఊచలు, సీసా అవే వాడుకోవచ్చు, ప్రస్తుతానికి మొత్తం డబ్బానే మళ్లీ కొనవలసి వస్తోంది.