మార్గరీత్ అని వెతికితే ఇద్దరు వస్తారు, చూసి కొనండి

'ది లవర్' ఇంగ్లిష్ పేపర్‌బ్యాక్‌కి ఐదు స్టార్లు. నాకు అమ్మిన ఆన్‌లైన్ షాపుకి మాత్రం రెండే. ఈ నవల రాసింది మార్గరీత్ డ్యూరాస్. షాపు పేజీలో రచయిత్రి పరిచయం మాత్రం మార్గరీత్ యూర్సెనార్‌ది! 1980లో ఫ్రెంచ్ అకాడమీకి (ఫ్రెంచ్ భాషని చూసుకునే పెద్ద సంస్థ) ఎన్నికైన మొదటి మహిళ యూర్సెనార్. డ్యూరాస్‌కి ఈ నవల మీద 1984లో గోంకూర్ అనే ఫ్రెంచ్ సాహిత్య బహుమతి వచ్చింది. తికమకపడటానికి మార్గరీత్ అన్న ఆ పేరొక్కటే కారణం. ఇంటిపేర్లు మాత్రం ఇద్దరూ మార్చేసుకున్నారు. దొనాద్యూ గారమ్మాయి తండ్రి ఇల్లున్న ప్రాంతంలోని డ్యూరాస్ అనే ఊరి పేరు పెట్టుకుంది. క్రేయాంకూర్ గారమ్మాయి ఇంటిపేరులోని అక్షరాలనే తారుమారు చేసి యూర్సెనార్ అని పెట్టుకుంది.

ఇక పుస్తకం. చాలా చిన్నది, ఒక్క రాత్రిలో అయిపోతుంది. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని వియత్నాంలో పదిహేనున్నరేళ్ల ఫ్రెంచ్ పిల్ల మెకాంగ్ నది మీద ఫెర్రీలో ఉంటుంది. ఒంటి మీద అరిగిపోయిన సిల్కు గౌను, కాళ్లకి బంగారు జరీ హైహీల్స్, నెత్తిన మగవాళ్ల టోపీ. ఆ టోపీ గురించే ఎంత రాసిందో! అదే ఫెర్రీలో నల్ల కారులో ఒక చైనా ధనవంతుడు. లవ్ స్టోరీ అనుకుని కొనకండి, ఆ పిల్ల వయసు తలుచుకుంటే చదువుతున్నంతసేపూ ఇబ్బందిగానే ఉంటుంది. నన్ను వదలనిది హోటల్ భోజనం సీను. బిల్లు కట్టేది అతనే. ఆమె అన్నలు మాత్రం ఆబగా తింటారు గానీ అతని మొహం కూడా చూడరు, ఒక్క మాట మాట్లాడరు. వాళ్లకి డబ్బు లేకపోయినా తెల్లతోలు పొగరు ఉంది.

'నేను' అంటూ మొదలైన కథ ఉన్నట్టుండి 'ఆ అమ్మాయి' అయిపోతుంది. మొదట్లో చిరాకేసింది, తర్వాత అదే నచ్చింది. బార్బరా బ్రే అనువాదం హాయిగా చదివిస్తుంది.

మీకు కావలసింది రెండో మార్గరీతే అయితే 'మెమాయిర్స్ ఆఫ్ హేడ్రియన్' తీసుకోండి. రోమ్ చక్రవర్తి చావుకి దగ్గరై, డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి కుర్ర మార్కస్‌కి (తర్వాత చక్రవర్తి అయిన మార్కస్ ఆరీలియస్) రాసే ఉత్తరం అది. నిదానంగా నడుస్తుంది, రోజుకి కొన్ని పేజీలే చదవగలం. గ్రేస్ ఫ్రిక్ అనువాదంలో, చివర రచయిత్రి నోట్స్ ఉన్న ఎడిషనే కొనండి.