ఎల్‌పీ రికార్డులు కొనేవాళ్లు జాగ్రత్త: పాత ఆల్బమ్ పొగడ్తలు తెచ్చి కొత్త ఆల్బమ్ కింద అతికిస్తున్నారు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉండి ఆన్‌లైన్‌లో ఎల్‌పీ (గ్రామఫోన్) రికార్డులు తెప్పించుకునే మనవాళ్లు దయచేసి ఇది చదవండి. ఎం83 అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత బృందం వాళ్ల 'జంక్' ఆల్బమ్‌ని ఒరిజినల్ ఇంపోర్ట్ అని చెప్పి నాకు నకిలీ రికార్డు అంటగట్టారు. 3,900 రూపాయలు తీసుకున్నారు. సరుకు సంగతి ఒక ఎత్తయితే, అమ్మకం పేజీలో పెట్టిన అభిప్రాయాలు (రివ్యూలు) ఇంకో ఎత్తు. నాకు ఎక్కువ ఒళ్లు మండింది వాటితోనే.

ఆ ఆల్బమ్ నాకు ముందునుంచీ ఇష్టం కాబట్టి అభిప్రాయాలు చూడకుండానే ఆర్డర్ పెట్టాను. ఫిర్యాదు రాద్దామని మళ్లీ ఆ పేజీ తెరిస్తే నిండా పొగడ్తలే. చివర్లో వచ్చే శాక్సఫోన్‌కి ఒళ్లు గగుర్పొడిచిందని ఒకరు, డబుల్ ఆల్బమ్ అయినా ఒక్క పాట కూడా దాటేయాలనిపించలేదని ఇంకొకరు, ఆ ఏడాది మేటి పాట ఇందులోదేనని మరొకరు. ఇవేవీ జంక్ గురించి రాసినవి కావు. వాళ్లు చెప్పే డబుల్ ఆల్బమ్ (రెండు భాగాలుగా వచ్చేది) 2011లో వచ్చిన ఎం83 పాత ఆల్బమ్ 'హర్రీ అప్, వియ్ ఆర్ డ్రీమింగ్'. ఆ శాక్సఫోన్ అందులోని 'మిడ్‌నైట్ సిటీ' పాట చివర వస్తుంది. 2011 మేటి పాటల జాబితాలో పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ మొదటి స్థానం ఇచ్చింది కూడా ఆ పాటకే.

జంక్ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. దానికి వచ్చిన స్పందన పూర్తిగా వేరు. ఎం83ని నడిపే ఆంథనీ గొంజాలెజ్ ఈసారి కావాలనే దారి మార్చి, 80ల నాటి టీవీ కార్యక్రమాల సంగీతం వైపు వెళ్లాడు. ఆ సరదా, ఆ పాతకాలపు మెరుపు కొందరు విమర్శకులకి నచ్చాయి. ఇంకొందరికి మరీ చౌకబారుగా, అతుకులబొంతలా అనిపించింది. కలలో తేలిపోతున్నట్టుండే ఆ పెద్ద సింథసైజర్ హోరు కోసం అయిదేళ్లు ఎదురుచూసిన అభిమానుల్లో చాలామంది నిరాశపడ్డారు. నా మటుకు సుసాన్ సుండ్‌ఫోర్ పాడిన 'ఫర్ ది కిడ్స్' ఒక్కటి చాలు, ఆల్బమ్ కొనొచ్చు. 'గో!'లో స్టీవ్ వాయ్ గిటార్ కూడా నాకు ఇష్టమే. కానీ మిడ్‌నైట్ సిటీ లాంటిది ఇంకోటి దొరుకుతుందని ఆశపడి ఎవరైనా డబ్బు పెడితే, అసలు రికార్డే వచ్చినా వాళ్లు మోసపోయినట్టే. కొత్తగా వినేవాళ్లకి ఈ తేడా ఎలా తెలుస్తుంది?

ఇక నాకు వచ్చిన సరుకు. కవర్ మీద బొమ్మలు మసకగా ఉన్నాయి, ఫోన్‌లో ఫొటో తీసి అచ్చు వేసినట్టు. దాదాపు 55 నిమిషాల సంగీతాన్ని ఒకే డిస్కులో ఇరికించారు. ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటితే గాడులు సన్నబడి శబ్దం పలచనవుతుంది, ఇందులో అదే జరిగింది. పాటల గాడులు అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నగా ఒక వలయం ఉంటుంది కదా, అసలు రికార్డుల్లో అక్కడ సన్నని గీతలతో అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. దీన్ని దీపం కింద ఎంత తిప్పి చూసినా ఏమీ లేదు. మధ్య రంధ్రం కూడా సరిగ్గా నడుమ లేదు. దాంతో ప్లేయర్ మీద సూది అటూ ఇటూ ఊగుతోంది, 'సాలిట్యూడ్' లాంటి నెమ్మది పాటలో సాగే ప్రతి స్వరమూ కిందికీ పైకీ జారుతోంది. వినలేకపోయాను.

వాపసు అడిగితే, సీలు తీసేశారు కాబట్టి కుదరదన్నారు. ఆ మాటకి తలొగ్గకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, సరుకు నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు. కొనుగోలుదారుల్లా నటించి తమ సరుకు మీద తామే అభిప్రాయాలు రాసుకోవడం కూడా నిషిద్ధమే. వెబ్‌సైట్‌కి ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఒడియా, హిందీ సరిగ్గా రాదని టెన్షన్ వద్దు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా ఉండదు.

ఆర్డర్ పెట్టేముందు లేబుల్ దగ్గరి ఆ నున్నటి వలయం ఫొటో పంపమని అడగండి. నీళ్లు నమిలితే వదిలేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి దాచుకోండి.

నాకు సగం డబ్బు ఇస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోమంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ పేజీ ఇంకా అలాగే ఉంది, పైగా అవే శాక్సఫోన్ పొగడ్తలు ఇప్పుడు ఎం83 వాళ్ల 2023 నాటి 'ఫాంటసీ' ఆల్బమ్ కింద కూడా కనిపిస్తున్నాయి.